దారి చూపు చెక్కముక్క

పండుగ దగ్గరపడిన దనిన మనము అటుకమీదనుండి దింపుకొను సామగ్రిలో కజ్జికాయల చెక్క యొకటి, జంతికల గొట్టము మరియొకటి యుండును. ఎనిమిదేండ్ల పిల్ల పీటమీద గూర్చుండి, కజ్జికాయల చెక్కలో పూరీ పరచి, కొబ్బరికోరు నింపి, మూసి నొక్కినయెడల, ముప్పదియేండ్లు వంటచేసిన ముత్తైదువ చేతిలో వచ్చునట్టి అంచే ఆ పిల్ల చేతిలోను వచ్చును. వాకిట ముగ్గుగొట్టము దొర్లించినచో తీగలోని వంపులన్నియు ఒక్క తీరుననే పడును. ఈ పనిముట్లన్నింటిలో నున్న యుపాయ మొక్కటే. ఒకమారు శ్రద్ధతో నిర్ణయించిన రూపమును వస్తువునందే నిలిపియుంచి, పనిచేయువారు మరల మరల కొలిచి తడుముకొన నక్కర లేకుండ జేయుట. వడ్రంగపు పనిలోగూడ ఇట్టి సాధన మొకటి కలదనియు, అది మనవంటివారి చేతికిని లొంగుననియు మాకు ఈ సంవత్సరమే తెలిసినది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

మావారు బడిపంతులు. మేము ప్రస్తుతము మన్యపు కొండలలో కొయ్యూరున నివసించుచున్నాము. 1924వ సంవత్సరము మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజుగారు ప్రాణములు విడిచిన చోటుగా ఈ యూరి పేరు మీరు వినియే యుందురు. అది మొదట విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 2022 ఏప్రిలు నుండి ఆ మహనీయుని పేరిటనే యేర్పడిన జిల్లాలో జేరినది. చుట్టును కొండలు, కొండలనిండ చెట్లు. పేరులోనే కొయ్య యున్న యూరిలో కొయ్యపనిని గూర్చి తెలిసికొనుట తగియున్న దని మావారు పరిహాసమాడుచుందురు.

బడిపంతులు కాపురమనిన బదిలీల కాపురము. పెండ్లియైన పదునారేండ్లలో మేము ఆరు ఇండ్లు మారితిమి. మా పుట్టినింటినుండి తెచ్చుకొన్న సొత్తు నగలు గాదు, పుస్తకములు. మాకు బడి లేదు. తండ్రిగారే సంధ్యవార్చి వచ్చి, అమరకోశము మొదలు భారత భాగవతములవరకు ఇంటనే చెప్పినారు. వారు అంచులలో సన్నని యక్షరములతో అర్థములు వ్రాసియుంచిన సంపుటములు మాకు మిగిలిన గురుకులము. కడపటి బదిలీలో సామాను తీసికొనిపోయిన బండివారు, మేకులు కొట్టిన మా అలమార గుమ్మములో పట్టకపోగా, గట్టిగా లాగి విరుగగొట్టిరి. కట్టలుగట్టి నేలమీద నుంచిన పుస్తకములకు రెండు నెలలలో చెదలు పట్టెను. విరాటపర్వము మొదలు ద్రోణపర్వము వరకు మట్టిగా మారినవి. అచ్చుపుస్తకము మరల దొరకును. తండ్రిగారి చేతివ్రాత ఎక్కడ దొరకును? అప్పుడే నిశ్చయించుకొంటిమి. ఇక మీదట మా అలమార ఎన్ని యూళ్లు తిరిగినను, విప్పి కట్టుకొనుటకు వీలైనది కావలయును, విరుగని దియు కావలయును.

మొదట పట్టణములో నొక దుకాణమున సిద్ధముగా నమ్ము అలమార తెప్పించితిమి. అది పొట్టును జిగురుతో నదిమి చేసిన పలకలది. విప్పుటకు కూర్చుటకు బహు సులువు. కాని కొయ్యూరు వానలలో ఆ పలకలు తేమ త్రాగి అప్పములవలె నుబ్బి, రెండవ శ్రావణమునకే చీలలు పట్టువదలినవి. పలక చెడినను దానిలో నొక గుణము మమ్ము ఆకర్షించెను. ప్రక్కపలకలమీద సన్నని బెజ్జములు వరుసగా, పోగుపట్టి గ్రుచ్చినట్లు ఎంతో నిక్కచ్చిగా నుండెను. ఏ అరను ఏ వరుసలో నమర్చినను సరిపోవుచుండెను. విచారింపగా, ఇది రెండవ ప్రపంచయుద్ధము తరువాత జర్మనీ దేశమున పెంపొందిన పద్ధతి యని తెలిసినది. బెజ్జము వ్యాసము 5 మిల్లీమీటర్లు, బెజ్జమునకు బెజ్జమునకు నడుమ 32 మిల్లీమీటర్లు, పలక ముందంచునుండి మొదటి వరుసకు 37 మిల్లీమీటర్లు. ఈ మూడంకెలను ఒప్పుకొన్న కర్మాగారములన్నిటి పలకలు ఒండొంటికి పొసగును. ఇంత మంచి బెజ్జములు అంత చెడ్డ పలకలో నేల యుండవలెను, మంచి టేకుపలకలో నేల యుండరాదు అని మాకు దోచెను.

కొయ్యను కొయ్యతో గలుపుట మన దేశమున క్రొత్త విద్య గాదు. మన యింటి పట్టెమంచము చూడుడు. పట్టె చివర కుసి చెక్కి, కోడులోని బెజ్జములో దూర్చుదురు. నవారు బిగించిన కొలది కీలు గట్టిపడును. నవారు విప్పిన మంచ మంతయు కట్టగట్టి మోసికొని పోవచ్చును. మేకు కొట్టిన వస్తువున కీ సుఖము లేదు. మేకును లాగిన బెజ్జము వదులగును, వానకాలమున ఇనుము త్రుప్పు పట్టి చుట్టునున్న కొయ్యను నల్లబరచును. బొబ్బిలి వీణెలవారు కీళ్లే లేకుండ ఒక్క పనసమొద్దునుండి ఏకాండిగా వీణెను దొలుతురు. అది వారికి చెల్లినది. ఏకాండి అలమార యెవరికిని సాధ్యము గాదు గనుక మనకు కీలు తప్పదు.

కుసి చెక్కుటకు ఉలిమీద బహుకాలపు సాధన కావలయును. అంతకన్న సులువైనది చీల. రెండు పలకలలోను ఎదురెదురుగా గుండ్రని బెజ్జములు తొలిచి, నడుమ నొక గుండ్రని కొయ్యచీలను దూర్చిన చాలును. వినుట కెంత సులువో చేయుట కంత కష్టము. పలక చివరనున్న బెజ్జమును, ప్రక్కపలక ముఖముమీది బెజ్జమును వేరువేరుగ తొలువవలెను. ఒకటి అర మిల్లీమీటరు ఎడమకు, రెండవది అర మిల్లీమీటరు కుడికి జరిగినచో నడుమ నొక మిల్లీమీటరు తేడా వచ్చును. ఒక చీలయైన ఎట్లో కొట్టి దూర్పవచ్చును. మూడు చీలలు వరుసగా నున్నచోట ఒక్కటి తప్పినను తక్కిన రెండును మొరాయించును. మా అలమారకు నాలుగు అరలు. ఒక్కొక్క అరకు రెండు చివరలు, చివరకు మూడేసి చీలలు. వెరసి 24 చీలలు, 48 బెజ్జములు. బెజ్జమునకు పొడుగున నొకటి, అడ్డమున నొకటి చొప్పున 96 కొలతలు. ఇన్ని కొలతలలో చేయి తడబడని వారెవరు?

ఊరి వడ్రంగితాతను బిలిపించి యడిగితిమి. ఆయన పలకలను చూచి, వ్రేలితో తట్టి, ఇట్లనెను: “అమ్మగారూ, కొలత ఒక్కసారే చెయ్యాలండి. పదిసార్లు కొలిస్తే పది కొలతలొస్తాయి. ముందర దారిచెక్క చేస్తాను, తరవాత తమరూ పిల్లలూ కూడా తొలవొచ్చు.” ఇంగ్లీషు చదివిన వడ్రంగులు దీనినే జిగ్గు అందురట. మాకు తాత పెట్టిన పేరే బాగుండెను.

ఆ మాట విన్నప్పుడు రామాయణము జ్ఞప్తికి వచ్చినది. అయోధ్యాకాండమున భరతుడు అన్నగారికొరకు అడవికి బయలుదేరుటకు ముందు బాట వేయువారిని పంపునట్టి ఘట్టము కలదు గదా. అందు వాల్మీకి నేలను ఎరిగినవారిని, త్రాడు పట్టి కొలుచువారిని ముందు జెప్పి, వడ్రంగులను చెట్లు కొట్టువారిని తరువాత జెప్పెను. గొడ్డలికి ముందు సూత్రము. పాణినియు గ్రామమువారి పని చేయు వడ్రంగికి, తన కుటీరముననే స్వతంత్రముగా పనిచేయు వడ్రంగికి వేరువేరు సమాసము లేర్పడు విధమును సూత్రములో విధించియున్నాడు. మా తాత ఈ రెండవ తెగవాడు. పిలిచినంత రాడు, వచ్చిన పిదప తొందరపడడు.

ఇక దారిచెక్క విధమును చెప్పెదము. మా టేకుపలకల మందము 20 మిల్లీమీటర్లు, వెడల్పు 250. చీల వ్యాసము పలక మందములో మూడవవంతునకు తక్కువగాక సగమునకు మించక యుండవలెనని నియమము గనుక 8 మిల్లీమీటర్ల చీలను నిర్ణయించితిమి. గట్టి కొయ్యతునక నొకదానిని సరిగా పలక మందమే, అనగా 20 మిల్లీమీటర్ల వెడల్పుగాను, 30 మిల్లీమీటర్ల యెత్తుగాను చిత్రికపట్టి, దాని నడిమిరేఖమీద ఒక కొననుండి 40, 125, 210 మిల్లీమీటర్ల దూరములలో మూడు బెజ్జములు నిలువున తొలిపించెను. ఇవి నిట్టనిలువుగా నుండుట ముఖ్యము గనుక తాత దానిని నర్సీపట్నమునకు గొనిపోయి నిలువుయంత్రముమీద వేయించెను. కొయ్యబెజ్జము పది పదిహేను మార్లు తొలిచిన పిదప అరిగి వదులగును గనుక, లోపలి వ్యాసము 8 మిల్లీమీటర్లుండు ఉక్కుగొట్టపు తునకలను మూడింటను బిగగొట్టెను. కొన నొక ఆనుచెక్క, ప్రక్క నొక పలుచని పట్టీ, రెండును చెక్కకు క్రిందను మీదను కొంచెము పొడుచుకొని యుండునట్లు మరలతో బిగించెను. దారిచెక్క యనిన నింతే.

వాడుక నియమములు రెండే. ఆనుచెక్క యెప్పుడును పలక ముందంచునకే ఆనవలెను. పట్టీ యెప్పుడును అర యడుగుముఖమునకే ఆనవలెను. పలకకు రెండవ చివర తొలుచునపుడు దారిచెక్కను తలక్రిందుగ త్రిప్పవలెనే కాని వెనుక అంచున కానింపరాదు. ముందేదో వెనుకేదో మరువకుండుటకు మా అమ్మాయి యొక యుపాయము చేసినది. గడపకు బొట్టుపెట్టినట్లు పలకలన్నిటి ముందంచులకును కుంకుమబొట్టు పెట్టినది. బొట్టున్న వైపే ఆనుచెక్క. పని ముగిసిన తరువాత చిత్రిక యొక్కమారు పట్టగా బొట్టు పోయినది.

ప్రక్కపలకల విషయమున కొంచెము మార్పు కలదు. రెండింటిని ప్రక్కప్రక్కన జేర్చి, మూలమట్టము పెట్టి, అర లడుగు వచ్చుచోట్ల రెండింటిమీదను ఒక్కసారే గీతలు గీయవలెను. ఆ గీతవెంట తిన్నని బద్దనొకటి క్లాంపులతో బిగించి, దారిచెక్క పట్టీని విప్పి, చెక్క అంచునే ఆ బద్దకు ఆనించవలెను. ఆనుచెక్క యథాప్రకారము ముందంచునకు. అంతట 40, 125, 210 అను ఆ మూడు దూరములే, అడుగునుండి 10 మిల్లీమీటర్లను ఆ యెత్తే, పలక చివరను పడినట్లు ముఖముమీదను పడును.

లోతునకును కాపుదల కావలయును. ప్రక్కపలక ముఖమున 12 మిల్లీమీటర్లకు మించి తొలిచినచో బిట్టు ఆవలికి పొడుచుకొని వచ్చు భయము. అర చివరన 27 వరకు పోవచ్చును. చీల పొడవు 36. లోపల జిగురునకు గాలికిని కొంచెము చోటు మిగులవలెను గదా. దారిచెక్క యెత్తు 30 గనుక బిట్టు మొననుండి 42వ మిల్లీమీటరున నొక రంగుపట్టీ, 57వ మిల్లీమీటరున వేరొక రంగుపట్టీ చుట్టితిమి. పట్టీ చెక్కను తాకిన వెంటనే ఆపవలెను. బిట్టును నడుమ సన్నని ములుకు గలదానినే కొనవలెను. మామూలు బిట్టు కొయ్యలోని గట్టి యీనెను తాకి ప్రక్కకు జారును.

పని సగములో నుండగా గాలివానకు విద్యుత్తు పోయి రెండు దినములు రాలేదు. తాత తన పాత బరమాను తెచ్చెను. కమానుకు త్రాడు చుట్టి ముందునకు వెనుకకు లాగుచు తొలుచు ఆ పనిముట్టు ఎంత పురాతన మైనదో! బలూచిస్తానమునందలి మెహర్‌గఢ్‌లో ఇంచుమించు తొమ్మిదివేల యేండ్లనాటి మనుష్యుల పండ్లకు సన్నని చెకుముకిమొనలతో బెజ్జములు తొలిచిన యానవాళ్లు దొరకినవని 2006లో పండితులు ప్రకటించిరి. వాటిని గూడ విల్లువంటి సాధనముతోనే త్రిప్పియుందురని వారి యూహ. తాత బరమా మొన గూడ 8 మిల్లీమీటర్లదే యగుటచే దారిచెక్క దానికిని అట్లే దారి చూపెను. యంత్రముతో తొలిచిన బెజ్జమేదో, బరమాతో తొలిచిన దేదో ఇప్పుడు మాకే తెలియదు.

చీలలను మాత్రము కొన లేదు. కొండలలో వెదురునకు కొదవ లేదు. ముదురు వెదురును నీట నానవేసి, ఆ పిదప నీడన పూర్తిగా ఎండనిచ్చి చీల్చితిమి. నానవేసినచో లోనున్న తీపిపదార్థము కొంత కరగి, పురుగు తగులుట తగ్గును. ఎండనిచో బెజ్జములో నుండగా సన్నగిల్లి వదులగును. ఉక్కురేకులో 8 మిల్లీమీటర్ల బెజ్జము వేసి, ఆ పుల్లలను సుత్తితో దానిగుండ కొట్టి వెడలింపగా చీలలు గుండ్రనై వచ్చినవి. ఇదియు నొక విధమగు జంతికల గొట్టమే. ప్రతి చీలకు పొడుగున సన్నని గాడి నొకటి గీచితిమి. గాడి లేనియెడల లోని గాలి పోవుటకు త్రోవలేక జిగురు చీలను వెనుకకు నెట్టును.

ఇందొక విశేషమును చెప్పకుండ ముగింపరాదు. తాత చేసిన మొదటి దారిచెక్కను పారవేయు ముక్కలమీద పరీక్షింపగా నడిమి బెజ్జము 125కు బదులు 126 వద్ద నుండెను. అయినను పలకలు చక్కగా కలిసినవి! మాకు వింత దోచెను. తాత నవ్వి, “రెండేపులా ఒకే తప్పైతే తప్పు కాదమ్మా. వంకర మాత్రం పనికిరాదు,” అనెను. ఆలోచింపగా నిజమే. దూరము తప్పినను రెండు పలకలలోను ఒకే విధముగా తప్పును గనుక చీల దారి చీలకు దొరకును. బెజ్జము వంకరైనచో దారిచెక్కను తలక్రిందు జేసినప్పుడు వంకర ఎదురుదిక్కునకు బోయి తేడా రెండింతలగును. అందువలననే తాత కొన్ని దూరములను ఉపేక్షించెను గాని నిలువును మాత్రము ఉపేక్షింపలేదు. ఆ మొదటి చెక్కలో నొక బెజ్జము వెండ్రుకవాసి వంగియుండుట చూచి దానిని పొయ్యిలో వేసి రెండవది చేయించెను. కీలు కలియుటకు కావలసినది ఘనమైన కొలత గాదు, అందరకు నొకే కొలత.

ఈ మాట మాకు వేరొకచోట గూడ తగిలినది. పని జరుగుచుండగా చూడవచ్చిన బంధువులు మా అబ్బాయి యంత్రము పట్టినప్పుడు మెచ్చుకొనిరి. వానికంటె మూడేండ్లు చిన్నదగు మా అమ్మాయి పట్టినప్పుడు, “ఆడపిల్లకు ఈ మోటుపని యేలమ్మా, వ్రేళ్లు తెగును,” అనిరి. వ్రేలు తెగు భయము ఇద్దరకును సమానమే. కంటికి అద్దములు, బిగించిన క్లాంపులు, వ్రేలాడని జడ, మడిచిన చేతులు, ఇవి ఇద్దరకును సమానముగ నేర్పితిమి. 48 బెజ్జములలో 20 అమ్మాయి తొలిచినది. అలమార కూర్చిన దినమున ఆ బంధువులనే పిలిచి, అమ్మాయి తొలిచిన వేవో చూపుడని యడిగితిమి. ఒక్కటియు చూపలేకపోయిరి. దారిచెక్క తన్ను పట్టిన చేయి యెవరిదని యడుగదు. మన యిండ్లలో కొడుకున కొక కొలత, కూతున కొక కొలత పెట్టుకొని, పెద్దయిన పిదప కాపురములు కలియలేదని వగచుచున్నాము.

అలమార కూర్పు ఇట్లు జరిగినది. చీలలను అరల చివరలలో జిగురుతో నాటితిమి. ప్రక్కపలకల బెజ్జములలో జిగురు పెట్టలేదు. రెండు చివరల మరలుగల యినుపకడ్డీలను రెండింటిని, పై యర క్రిందుగ నొకటి, అడుగర క్రిందుగ నొకటి, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు బోనిచ్చి నట్టులు బిగించితిమి. మంచమునకు నవారెట్లో దీనికి కడ్డీ లట్లు. గోడకు జానెడు దూరముగ, రాతిముక్కలమీద నిలిపితిమి. చెదలు పైకెక్కదలచిన త్రోవ కంటబడును. ఈ వానలన్నియు గడచినవి. నడుమ నొకమారు కావలెననియే విప్పి, పిల్లలు ముప్పావుగంటలో మరల కూర్చిరి. ఒక్క చీల మొరాయింపలేదు. మిగిలిన పర్వములు, తండ్రిగారి చేతివ్రాతతో, రెండవ యరలో నున్నవి.

గిరిజన బాలికలు మా యింటికి పద్యములు చెప్పించుకొనుటకు వచ్చుచుందురు. వారి పుస్తకములు వసతిగృహమున ఇనుపపెట్టెలలో చెమ్మకు ముద్దలగుచున్నవట. దారిచెక్క నిమ్మని యడిగిరి. ఇచ్చితిమి. వారి అన్నలు పలకలు తెచ్చిరి, తాత కూర్చుండి చూచుచున్నాడు, పిల్లలే తొలుచుచున్నారు.

కావున సోదరీమణులారా, మీ యింట అలమారయో, పీటయో, పిల్లల వ్రాతబల్లయో చేయింపదలచినప్పుడు వడ్రంగితో ముందుగ దారిచెక్క చేయుమని చెప్పుడు. దానిని పారవేయనీయకుడు. మీద పలక మందమును, చీల కొలతను వ్రాసి, కజ్జికాయల చెక్క ప్రక్కన అటుకమీద భద్రపరచుడు. పని మొదలిడుటకు ముందు రెండు పనికిరాని ముక్కలమీద పరీక్షింపుడు. నిలువు సరియైనదా లేదా చూచుకొనుడు. పిమ్మట యంత్రమును ఒకమారు మీ అమ్మాయి చేతికిచ్చి చూడుడు.